దక్షిణాఫ్రికా ఆటగాళ్లు, ఒకే ఇంటిపేరు: ఎవరు చుట్టాలు, ఎవరు కారు? క్విజ్ పట్టిక సరిచూడాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో పర్లాకిమిడిలో తెలుగు పిల్లలకి ఆటల క్విజ్ పెడుతున్నాం. హైస్కూలు, ప్లస్ టూ పిల్లలు, జట్టుకి ముగ్గురు. అందులో ఒక రౌండు పూర్తిగా దక్షిణాఫ్రికా మీద: ఒకే ఇంటిపేరుతో ఆడినవాళ్లు. ప్రశ్నలు 20. గుణుపురం, పాతపట్నం, కాశీబుగ్గ నుంచి కూడా జట్లు వస్తాయి. జవాబు మీద పేచీ వస్తే అక్కడికక్కడే తేల్చి చెప్పగలగాలి.

ఇప్పటికి పట్టికలో ఉన్న ఇంటిపేర్లు: పొలాక్, కిర్‌స్టెన్, మోర్కెల్, కుక్, డివిలియర్స్, మలాన్, యాన్సెన్, స్టెయిన్, డుప్లెసీ, డుప్రీ, బోథా, పీనార్, వాన్ నీకెర్క్.

వీటిలో నిజమైన కుటుంబాలు ఏవి, ఊరికే పేరు కలిసినవి ఏవి? ఒక్కో పేరుని ఎలా సరిచూడాలి? క్రికెట్ వరకు పర్వాలేదు గానీ రగ్బీ పేర్ల దగ్గర ఎటూ తేలడం లేదు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండ్‌కి ఆడిన అన్నదమ్ముల్ని కలపొచ్చా? ‘డు’, ‘వాన్ డెర్’ ఉన్న పేర్లని తెలుగు అక్షరక్రమంలో ఎక్కడ పెట్టాలి?

స్కోర్‌బుక్ (బరంపురం)

మాస్టారూ, ముందు పద్ధతి, తర్వాత పేర్లు.

ఒక్కో ఆటగాడికి ఒక వరస తీసుకుని ఎనిమిది గళ్లు గీయండి: పూర్తి పేరు, స్కోరుకార్డులో వాడే పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు, ఏ దేశానికి ఆడాడు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, చుట్టరికం ఎక్కడ రాసి ఉంది. ఎనిమిదో గడి ఖాళీగా ఉంటే చుట్టరికం మీద ప్రశ్న వెయ్యకండి. క్రిక్‌ఇన్ఫోలో ఆటగాడి పేజీలో తండ్రి, అన్నదమ్ములు, కొడుకుల వివరం విడిగా ఉంటుంది. ఒలింపిక్స్‌కి వెళ్లినవాళ్లయితే ఒలింపీడియాలో చూడండి. ఇంటిపేరు కొట్టగానే వచ్చే వికీపీడియా జాబితా మాత్రం కుటుంబ జాబితా కాదు. ఆ పేరున్న ప్రతివాణ్నీ అందులో వేస్తారు. తప్పులు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి.

ఇంకో చిక్కు: ఇంగ్లీషు పేజీల్లో అంకుల్, నెఫ్యూ, కజిన్ అని మాత్రమే ఉంటుంది. మనం తెలుగులో ప్రశ్న వేసేటప్పుడు పెదనాన్నా, బాబాయా, మేనమామా అన్నది తేల్చుకోక తప్పదు. ఇంటిపేరు కలిస్తే మామూలుగా తండ్రి వైపు. కానీ అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అన్నది పుట్టిన తేదీ చూస్తేగానీ తెలియదు. అందుకే ఆ గడి పెట్టమన్నాను.

పొలాక్ కుటుంబం మీ రౌండుకి మూలస్తంభం. పీటర్ 1941లో పుట్టాడు, ఫాస్ట్ బౌలర్, 28 టెస్టుల్లో 116 వికెట్లు. తమ్ముడు గ్రేమ్ 1944లో పుట్టాడు, ఎడమచేతి బ్యాటర్, 23 టెస్టుల్లో 2256 పరుగులు, సగటు 60.97. పీటర్ కొడుకు షాన్, 108 టెస్టుల్లో 421 వికెట్లు. అంటే షాన్‌కి గ్రేమ్ బాబాయి. చాలామంది షాన్‌ని గ్రేమ్ కొడుకు అనేస్తారు. గ్రేమ్ పేరే ఎక్కువ వినబడుతుంది కాబట్టి. ఇక్కడ మంచి ప్రశ్న 1965 ట్రెంట్ బ్రిడ్జ్ టెస్టు: ఇంగ్లండ్ మీద గ్రేమ్ 125 కొట్టాడు, పీటర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ అయిదేసి వికెట్లు తీశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక టెస్టు గెలిపించారని ధైర్యంగా చెప్పగలిగే మ్యాచ్ అది.

కిర్‌స్టెన్‌లలో పీటర్, గ్యారీ సవతి అన్నదమ్ములు. తండ్రి ఒక్కరే. ‘అన్నదమ్ములు’ అన్న జవాబుకి మార్కు ఇవ్వండి, ‘సవతి’ అన్న మాట రాలేదని కొట్టేయకండి. గ్యారీని మన పిల్లలకి వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. 2011లో భారత్ ప్రపంచకప్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆటగాడిగా 101 టెస్టులు, ఆ దేశం నుంచి వంద టెస్టులు ఆడిన మొదటివాడు. 1996 ప్రపంచకప్‌లో యూఏఈ మీద 188 నాటౌట్. పీటర్‌కి టెస్టులు 12 మాత్రమే, ఎందుకో కింద చెప్తాను.

మోర్కెల్‌లలో అన్న ఆల్బీ, తమ్ముడు మోర్నే. వీళ్ల మీద పడే పొరపాటు ప్రశ్న: ‘కలిసి టెస్టు ఆడిన అన్నదమ్ములు ఎవరు?’ ఈ ఇద్దరూ కలిసి టెస్టు ఆడలేదు. ఆల్బీ ఆడిన ఒకే ఒక్క టెస్టు 2009 మార్చిలో కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియా మీద, అదీ మోర్నేని పక్కన పెట్టినప్పుడు వచ్చిన చోటు. మోర్నే 86 టెస్టుల్లో 309 వికెట్లు తీశాడు. ‘అన్న ఏకైక టెస్టు ఎవరి స్థానంలో ఆడాడు’ అని అడిగితే చూడండి, హాలు హోరెత్తుతుంది.

కుక్‌ల దగ్గర జాగ్రత్త. తండ్రి జిమ్మీ పూర్తి పేరు స్టీఫెన్ జేమ్స్, కొడుకు స్టీఫెన్ క్రెయిగ్. స్కోరుకార్డులో ఒకరు ఎస్.జె. కుక్, ఇంకొకరు ఎస్.సి. కుక్. ‘ఎస్. కుక్’ అని పొడిగా రాసిన సైట్లలో ఇద్దరి లెక్కలూ కలిసిపోతాయి. తండ్రి 1992 నవంబర్‌లో డర్బన్‌లో భారత్ మీద తొలి టెస్టు ఆడుతూ మ్యాచ్ మొదటి బంతికే కపిల్‌దేవ్ బౌలింగ్‌లో టెండూల్కర్‌కి క్యాచ్ ఇచ్చాడు. కొడుకు 2016 జనవరిలో సెంచూరియన్‌లో ఇంగ్లండ్ మీద తొలి టెస్టులోనే 115. ఒకే కుటుంబంలో తొలి టెస్టు ఇంత తేడాగా జరిగిన జంట నాకు ఇంకొకటి కనబడదు. రౌండులో చివరి ప్రశ్నగా దీన్నే ఉంచమంటాను.

పొడి అక్షరాల చిక్కు నోర్స్‌ల దగ్గర కూడా ఉంది. తండ్రి డేవ్ అసలు పేరు ఆర్థర్ విలియం, 1902 నుంచి 1924 దాకా 45 టెస్టులు. కొడుకు ఆర్థర్ డడ్లీ, 34 టెస్టులు, 1935లో జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా మీద 231. ‘ఎ.డి. నోర్స్’ అని కనబడితే అది డేవ్ కాదు, డడ్లీ. వాడుక పేరు మొదటి అక్షరం చూసి మోసపోతారు.

మలాన్‌లు ముగ్గురు అన్నదమ్ములు: పీటర్, ఆండ్రే, జానెమన్. 2020లో ఆస్ట్రేలియా మీద జానెమన్ తొలి వన్డేలో మొదటి బంతికే స్టార్క్‌కి అవుటై, రెండో వన్డేలో 129 నాటౌట్. ఇంగ్లండ్‌కి ఆడిన డేవిడ్ మలాన్ చిన్నప్పుడు దక్షిణాఫ్రికాలోనే పెరిగాడు గానీ ఈ ముగ్గురిలో వాడు కాడు.

యాన్సెన్‌లు కవలలు, 2000 మే 1న పుట్టారు. ఇద్దరూ పొడుగే, ఇద్దరిదీ ఎడమచేతి పేసే. మార్కోని మనవాళ్లు సన్‌రైజర్స్ చొక్కాలో చూశారు, డువాన్‌ని 2023లో ముంబై ఇండియన్స్ ఆడించింది. ఫోటో చూపించి అడగాలనుకుంటే చొక్కా రంగు చూసి చెప్పేస్తారు. ముఖం వరకే కత్తిరించి వెయ్యండి.

డివిలియర్స్: ఏబీ, ఫానీ ఇద్దరి మధ్యా దగ్గరి చుట్టరికం లేదు. రగ్బీ మాజీ కెప్టెన్ జాన్ డివిలియర్స్ వేరే. ఈ పేరు ఎందుకంత విస్తరించిందంటే, 1689లో ఫ్రాన్సు నుంచి మతహింస తట్టుకోలేక కేప్‌కి వచ్చిన ముగ్గురు అన్నదమ్ముల నుంచి ఆ వంశాలు పుట్టాయి. డుప్లెసీ, డుప్రీ, మలాన్, లరూ కూడా అలా వచ్చిన ఫ్రెంచి ప్రొటెస్టంట్ పేర్లే. కొద్దిమంది వలసదారుల నుంచి మూడు వందల ఏళ్లలో లక్షల మంది అయ్యారు. వెనక్కి పోతే ఎక్కడో కలవొచ్చు, క్విజ్‌లో అది చుట్టరికం కిందకి రాదు. హద్దు ఒకటి గీసుకోండి: తాత, తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెదనాన్న బాబాయిలు, వాళ్ల పిల్లలు. అంతవరకే.

ఇక పీటర్ కిర్‌స్టెన్ సంగతి. 1970 నుంచి 1991 దాకా వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌కి దూరమైంది. గ్రేమ్ పొలాక్ 23 టెస్టుల దగ్గరే ఆగిపోవడం, జిమ్మీ కుక్ ముప్పై తొమ్మిదో ఏట తొలి టెస్టు ఆడటం, పీటర్ కిర్‌స్టెన్ ముప్పై ఆరు దాటాక టెస్టుల్లోకి రావడం, అన్నీ దాని వల్లే. నీల్ మెకెంజీ తండ్రి కెవిన్ ట్రాన్స్‌వాల్ ప్రాంతపు జట్టుకి మంచి బ్యాటర్, టెస్టు ఊసే లేదు. కాబట్టి ‘టెస్టులు ఆడిన తండ్రీకొడుకులు’ అని అడిగితే ఒక జవాబు, ‘ఫస్ట్‌క్లాస్ ఆడిన తండ్రీకొడుకులు’ అని అడిగితే ఇంకో జవాబు. ప్రశ్నలో ఆ మాట తప్పకుండా ఉండాలి.

ఇంగ్లండ్‌కి ఆడినవాళ్ల గురించి: రౌండు పేరు ‘దక్షిణాఫ్రికా జట్టు’ అయితే వద్దు, ‘దక్షిణాఫ్రికాలో పుట్టినవాళ్లు’ అయితే కలపండి. డర్బన్‌లో పుట్టిన క్రిస్, రాబిన్ స్మిత్. క్వీన్స్‌టౌన్‌లో పుట్టిన టోనీ, ఇయాన్ గ్రెగ్. కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డోలివేరా, కౌంటీ ఆడిన ఆయన కొడుకు డేమియన్, మనవడు బ్రెట్. ఒకే రౌండులో రెండు నిబంధనలూ కలిపితే గొడవ ఖాయం.

అక్షరక్రమం: డుప్లెసీ ‘డ’ దగ్గరే, వాన్ నీకెర్క్ ‘వ’ దగ్గరే. డు, డి, వాన్ డెర్ అక్కడ ఇంటిపేరులో భాగం, విడదీయరు.

రగ్బీ నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు చెప్తారు.

లూజ్‌ఫార్వర్డ్ (రాయగడ)

రగ్బీకి అటూ ఇటూ తిరగొద్దు మాస్టారూ, 2007 ప్రపంచకప్ జట్టు ఒక్కటి పట్టుకోండి. మీకు కావలసిన రకాలన్నీ ఆ ఒక్క జట్టులోనే ఉన్నాయి. అక్టోబర్ 20న సెయింట్ డెనిస్‌లో ఇంగ్లండ్‌ని 15–6తో ఓడించిన జట్టు.

తండ్రులు కూడా స్ప్రింగ్‌బాక్‌లైనవాళ్లు (అంటే దక్షిణాఫ్రికా రగ్బీ జట్టుకి ఆడినవాళ్లు) అందులో ముగ్గురు. షాల్క్ బర్గర్ తండ్రి పేరు కూడా షాల్క్ బర్గరే. తండ్రి లాక్ (లాక్, ఫ్లాంకర్, హుకర్ లాంటివి రగ్బీలో ఆడే స్థానాల పేర్లు), 1984–86 మధ్య ఆరు టెస్టులు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌నీ టెస్టనే అంటారు). కొడుకు ఫ్లాంకర్, 86 టెస్టులు, 2004లో ప్రపంచ ఉత్తమ ఆటగాడు. ఇద్దరికీ పేరు, ఇంటిపేరు రెండూ ఒకటే కాబట్టి ప్రశ్నలో ‘సీనియర్’, ‘జూనియర్’ గానీ సంవత్సరం గానీ లేకపోతే ఏ జవాబైనా సరైనదే అయిపోతుంది. రెండోవాడు రువాన్ పీనార్. తండ్రి గైసీ పీనార్, 1980–81లో ఫుల్‌బ్యాక్. మీ పట్టికలో పీనార్ అని ఉంది గదా, అక్కడ అందరూ పడే గుంట ఫ్రాన్సువా పీనార్. 1995లో మండేలా చేతుల మీదుగా కప్పు అందుకున్న ఆ కెప్టెన్ ఈ కుటుంబం కాదు. మూడోవాడు వికుస్ వాన్ హీర్డెన్, 1970ల నాటి లాక్ మోనర్ వాన్ హీర్డెన్ కొడుకు.

అదే జట్టులో ముగ్గురు బోథాలు: బాకీస్, గ్యారీ, బీజే. ముగ్గురూ మూడు కుటుంబాలు. నాస్ బోథా 1980లలో ఫ్లైహాఫ్, నాలుగో కుటుంబం. క్రికెటర్ జొహాన్ బోథా అయిదోది.

డుప్లెసీల దగ్గర తేదీ ముఖ్యం. టోర్నీకి మొదట ప్రకటించిన 30 మందిలో హుకర్ బిస్మార్క్ మాత్రమే ఉన్నాడు. ప్రాప్ బీజే బోథా గాయపడితే బిస్మార్క్ అన్న జానీని పిలిపించారు. జానీ డాక్టరు, ఎంబీబీఎస్ లాంటి చదువు పూర్తి చేసినవాడు. కాబట్టి ‘2007 జట్టులో అన్నదమ్ములు ఎంతమంది’ అన్న ప్రశ్నకి మొదటి జాబితా చూసినవాడు లేరంటాడు, చివరి జాబితా చూసినవాడు ఇద్దరంటాడు. ‘టోర్నీ ముగిసేనాటికి’ అని రాయండి.

వింగర్ అకోనా ఎన్డుంగానే కూడా ఆ జట్టులో ఉన్నాడు. కవల సోదరుడు ఓడ్వా కూడా స్ప్రింగ్‌బాకే, కానీ ఆ ప్రపంచకప్‌లో లేడు.

డుప్లెసీ పేరు మీద రగ్బీలోనే మూడు వేర్వేరు కుటుంబాలు రాసుకోండి. ఒకటి ఇప్పుడు చెప్పిన బిస్మార్క్, జానీ. రెండోది ఫెలిక్స్, మోర్నే: తండ్రి 1949లో న్యూజీలాండ్ మీద కెప్టెన్, కొడుకు 1975 నుంచి 1980 దాకా కెప్టెన్. స్ప్రింగ్‌బాక్‌లకి కెప్టెన్లయిన తండ్రీకొడుకులు వీళ్లే. మోర్నే తల్లి పాట్ స్మెథర్స్ట్ ఆ దేశపు మహిళల హాకీ కెప్టెన్. ఆవిడ పేరు పుట్టింటి ఇంటిపేరుతో రాసి ఉంటే ‘డుప్లెసీ’ అని వెతికినా దొరక్కపోవచ్చు. ఆడవాళ్ల పేర్లు ఇలాగే జారిపోతాయి, అందుకని తల్లి పేరుకి కూడా పట్టికలో ఒక గడి కలపమని నా మాట. మూడోది 1980లలో ఆడిన ముగ్గురు అన్నదమ్ములు, విల్లీ, కారెల్, మైకేల్. క్రికెటర్ ఫాఫ్ డుప్లెసీ వీళ్లెవరికీ చుట్టం కాదు.

డుప్రీ: స్క్రమ్‌హాఫ్ రాబర్ట్ డుప్రీ, ఆయన ముగ్గురు కొడుకులు రాబర్ట్, కవలలు జాన్-లుక్, డాన్. నలుగురూ స్ప్రింగ్‌బాక్‌లే. ఇక్కడ కూడా తండ్రి పేరే పెద్ద కొడుక్కి. అక్కడి పాత ఆనవాయితీలో తాతల పేర్లు, తండ్రి పేరు వరసగా పిల్లలకి పెడతారు, అందుకే ఒకే పేరు తరానికోసారి తిరిగి వస్తుంది. 2007 స్క్రమ్‌హాఫ్ ఫూరీ డుప్రీ, 1960ల ఫ్రిక్ డుప్రీ, మహిళల క్రికెట్ మాజీ కెప్టెన్ మిన్యోన్ డుప్రీ ఈ ఇంటివాళ్లు కారు. తండ్రి రాబర్ట్, ఫూరీ ఇద్దరూ ఒకే స్థానంలో ఆడారు కాబట్టి ఇక్కడ కలిపేస్తారు. ‘పేరు కలిసింది, స్థానం కలిసింది, ఇంకేం కావాలి’ అనుకుంటారు. తండ్రి పేరు గడి నింపితే అప్పుడు తేలుతుంది.

స్టెయిన్: ఫ్రాన్స్, మోర్నే రగ్బీ, డేల్ క్రికెట్. ముగ్గురూ వేర్వేరు. రగ్బీ ఇద్దరూ దూరం నుంచి పెనాల్టీలు కొట్టడంలో దిట్టలు. 2007 ఫైనల్లో ఒక పెనాల్టీ ఫ్రాన్స్ స్టెయిన్‌ది, మిగతా నాలుగూ పెర్సీ మాంట్‌గొమరీవి. 2009లో ప్రిటోరియాలో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ జట్టు మీద చివరి క్షణంలో గెలిపించినది మోర్నేది. ఇంటర్నెట్ క్విజ్‌లలో ఈ రెండూ తారుమారుగా కనబడతాయి.

స్మిత్, స్మిట్ కూడా విడిగా చూసుకోండి. 2007లో కెప్టెన్ జాన్ స్మిట్, ఫ్లాంకర్ వాన్ స్మిత్. తెలుగులో రాసినప్పుడు ఒక్క వత్తుతో పేరు మారిపోతుంది, అచ్చు చూసేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. తల్లి పేరు గడి కలిపాను, మొత్తం తొమ్మిదయ్యాయి. రెండే మిగిలాయి. వాన్ నీకెర్క్ గురించి, ఇంకా బాక్సింగ్, టెన్నిస్, ఫుట్‌బాల్ లాంటివాటిలో కుటుంబాలు ఏమున్నాయో చెప్పగలరా? మహరాజ్, ముత్తుసామి లాంటి మన వైపు పేర్లున్నవాళ్లని అడగొచ్చా? పిల్లలకి అవి వినగానే ఆసక్తి పుడుతుంది.

కొలాబ్ (జయపురం)

వాన్ నీకెర్క్ నుంచి మొదలుపెడతాను తమ్ముడూ. 400 మీటర్ల వేడ్, మహిళల క్రికెట్ మాజీ కెప్టెన్ డేన్, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కారు. వేడ్ అసలు చుట్టం వేరే ఇంటిపేరులో ఉన్నాడు: రగ్బీ వింగర్ చెస్లిన్ కోల్బే అతని కజిన్. 2016 రియోలో వేడ్ 43.03 సెకన్లతో ప్రపంచ రికార్డు, స్వర్ణం, అదీ ఎనిమిదో లేన్ నుంచి. అదే ఒలింపిక్స్‌లో చెస్లిన్ సెవెన్స్ రగ్బీ జట్టుతో కాంస్యం. ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన చుట్టాలు, పేరు చూస్తే ఎవరికీ తెలియదు. ఇలాంటివి రౌండులో మూడు నాలుగు పడితే పిల్లలు ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని జవాబు చెప్పడం మానేస్తారు. తెలుగులో ప్రశ్న రాస్తే ‘కజిన్’ అనే ఉంచండి, బావ అనో అన్న అనో రాయొద్దు.

బాక్సింగ్‌లో టవీల్ కుటుంబం. విక్ 1950లో జొహానెస్‌బర్గ్‌లో మాన్యుయెల్ ఓర్టిజ్‌ని ఓడించి బాంటమ్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ దేశానికి మొదటి ప్రపంచ టైటిల్ అది. తమ్ముడు విల్లీ 1952 హెల్సింకీలో ఫ్లైవెయిట్ కాంస్యం. మిగతా అన్నదమ్ముల్లో అలన్ శిక్షకుడు, మారిస్ పోటీల నిర్వాహకుడు. బెకర్ కుటుంబం ఇంకా అందమైనది: డాన్ హెవీవెయిట్‌లో 1956లో కాంస్యం, 1960లో రజతం. అన్నదమ్ములు జాప్, డోల్ఫ్, మార్టిన్స్ ముగ్గురూ రగ్బీ స్ప్రింగ్‌బాక్‌లు. అదే ఇంటిపేరుతో హెన్నీ, ఆయన కొడుకు ఆండ్రీస్ కూడా స్ప్రింగ్‌బాక్ లాక్‌లే, అది విడి కుటుంబం. మోటార్ రేసింగ్‌లో షెక్టర్‌లు: 1979 ఫార్ములా వన్ చాంపియన్ జోడీ, అన్న ఇయాన్ కూడా ఫార్ములా వన్‌లో పోటీపడ్డాడు, జోడీ కొడుకు టోమస్ ఇండీకార్ డ్రైవరు. టెన్నిస్‌లో వేన్ ఫెరీరా, ఎల్లిస్ ఫెరీరా ఒకే కాలంలో ఒకే దేశానికి ఆడారు, చుట్టాలు కారు.

ఫుట్‌బాల్‌లో డాక్టర్ కుమాలో (పేరే డాక్టర్, వైద్యుడు కాడు) తండ్రి ఎలియాకిమ్ కూడా కైజర్ చీఫ్స్‌కి ఆడాడు, ఆ క్లబ్బుని 1970లో పెట్టినది కైజర్ మొటావుంగ్, ఆయన కొడుకు కైజర్ జూనియర్ కూడా అక్కడే ఆడాడు. కానీ డిఫెండర్ బొంగాని కుమాలోని ఈ లెక్కలో వెయ్యకండి. ఆరన్ మొకోయెనా, టెబోహో మొకోయెనా అన్నదమ్ములని కూడా అనుకోవద్దు. జులూ, సోతో వాళ్లలో ఇలాంటి ఇంటిపేర్లు వంశపు పేర్లు, వేల కుటుంబాలకి ఉంటాయి. పిల్లలకి చెప్పాలంటే మన సుందర్‌గఢ్ హాకీ ఉండనే ఉంది. ఇగ్నేస్ టిర్కీ, ప్రబోధ్ టిర్కీ అన్నదమ్ములు. దిలీప్ టిర్కీ అదే జిల్లావాడు, అదే ఇంటిపేరు, వాళ్ల తోబుట్టువు కాడు. ఉరావ్‌లలో టిర్కీ గోత్రం పేరు. ఇది ఒక్కటి చెప్తే ఒడిశా పిల్లలకి మిగతాది వెంటనే అర్థమవుతుంది.

మన వైపు పేర్లు తప్పకుండా అడగండి, కానీ కుటుంబ ప్రశ్నగా కాదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటలకి వెళ్లిన మొదటి ఓడ అదే, తర్వాత యాభై ఏళ్లు అలాగే సాగింది. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది, 1936లో గానీ ఒడిశాలోకి రాలేదు. రిజిస్టర్లలో మనిషికి ఒక పేరు, తండ్రి పేరు, కులం రాసుకునేవారు. తర్వాతి తరాలకి తాత పేరో, కులం బిరుదో ఇంటిపేరుగా నిలిచిపోయింది. అందుకే నాయుడు, రెడ్డి, మహరాజ్, పిళ్లై అన్నవి అక్కడ ఒక్క కుటుంబాన్ని చూపించవు. ముత్తుసామి కూడా అలా మనిషి పేరే ఇంటిపేరైనది. సెనురన్ ముత్తుసామి తొలి టెస్టు 2019 అక్టోబర్‌లో విశాఖపట్నంలో. ఆ ప్రశ్న పడితే కాశీబుగ్గ జట్టు వదలదు.

నిజమైన కుటుంబాలు ఈ వైపు రెండు వాడుకోవచ్చు. హషీమ్ ఆమ్లా, అన్న అహ్మద్: హషీమ్ 2012లో ఓవల్‌లో 311 నాటౌట్, అహ్మద్ డర్బన్ జట్టు డాల్ఫిన్స్‌కి కెప్టెన్‌గా ఉన్నాడు. కేశవ్ మహరాజ్, తండ్రి ఆత్మానంద్: తండ్రి వికెట్‌కీపర్, వర్ణవివక్ష కాలంలో నల్లజాతి, భారతీయ సంతతి ఆటగాళ్లకి జాతీయ జట్టు తలుపులు మూసి ఉండేవి. వీళ్ల లీగ్ వేరుగా నడిచింది. అందులోని హోవా బౌల్ అనే పోటీ మ్యాచ్‌లకి ఫస్ట్‌క్లాస్ హోదా చాలా ఏళ్ల తర్వాత ఇచ్చారు. కాబట్టి ఆ తరం వాళ్లకి కొన్ని సైట్లలో లెక్కలు ఉండవు, లేదా సగమే ఉంటాయి. లెక్క కనబడలేదని ‘తండ్రి క్రికెట్ ఆడలేదు’ అని రాసేయకండి. అది ఆ మనుషులకి రెండోసారి అన్యాయం చేసినట్టు అవుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అన్నగారూ, విలువైన మాట చెప్పారు, ఆత్మానంద్ గారి ప్రశ్న పెడుతున్నాను. నాలుగు ప్రశ్నలు ఇలా రాశాను, ఒకసారి చూడండి.

ఒకటి: షాన్ పొలాక్‌కి గ్రేమ్ పొలాక్ ఏమవుతాడు?
రెండు: 2007 రగ్బీ ప్రపంచకప్ జట్టులో ఉన్న అన్నదమ్ములు ఎవరు?
మూడు: తొలి టెస్టులో మొదటి బంతికే అవుటైన తండ్రి, తొలి టెస్టులో శతకం కొట్టిన కొడుకు ఎవరు?
నాలుగు: 2007 జట్టులో తండ్రి కూడా స్ప్రింగ్‌బాక్ అయినవాళ్లలో ఒకరి పేరు చెప్పండి.

స్కోర్‌బుక్ (బరంపురం)

మొదటిది బాగుంది. పిల్లలు ‘చిన్నాన్న’ అన్నా ‘బాబాయి’ అన్నా ‘కక్కా’ అన్నా ఒప్పుకోండి, మన వైపు మూడూ వాడతారు. ‘పెదనాన్న’ అంటే మాత్రం తప్పు.

రెండోదానికి ‘టోర్నీ ముగిసేనాటికి’ కలపండి, పైన రాయగడ మాస్టారు చెప్పారు కదా.

మూడోది పొడుగైంది, చదివేలోపే బజర్ నొక్కేస్తారు. ‘1992లో డర్బన్‌లో కపిల్‌దేవ్ మొదటి బంతికే అవుట్ చేసిన జిమ్మీ కుక్ కొడుకు తన తొలి టెస్టులో ఎన్ని పరుగులు చేశాడు’ అని అడగండి. జవాబు 115. ‘రెండో ఇన్నింగ్స్‌తో కలిపా’ అని వాదించేవాళ్లు వస్తారు కాబట్టి ‘మొదటి ఇన్నింగ్స్‌లో’ అన్న మాట కూడా వెయ్యండి.

నాలుగోదానికి జవాబు కాగితంలో మూడు పేర్లూ రాసి పెట్టుకోండి: బర్గర్, పీనార్, వాన్ హీర్డెన్. ఎవరైనా డుప్లెసీ అంటే అది ఫెలిక్స్, మోర్నేలని కలిపి చెప్పిన జవాబు, ఇవ్వకూడదు.

20 ప్రశ్నల పంపకం ఇలా చెయ్యమంటాను: నిజమైన కుటుంబాలు పది, పేరు మాత్రం కలిసినవి ఆరు, వేరే ఇంటిపేరుతో ఉన్న చుట్టాలు, తల్లి వైపు వాళ్లు నాలుగు. వరసగా మూడు కుటుంబ ప్రశ్నలు పడకుండా కలిపి పేర్చండి, లేకపోతే నాలుగోదానికి అందరూ అలవాటుగా ‘అన్నదమ్ములు’ అనేస్తారు.

లూజ్‌ఫార్వర్డ్ (రాయగడ)

ఇంకొక్కటి. క్విజ్ మాస్టర్ కాగితంలో ప్రతి పేరు పక్కన రెండో పలుకుబడి కూడా రాసి ఇవ్వండి: యాన్సెన్ పక్కన జాన్సెన్, స్టెయిన్ పక్కన స్టేన్, పీనార్ పక్కన పియెనార్, డుప్రీ పక్కన డుప్రీజ్. ఒరియా మీడియం పిల్లలు టీవీలో హిందీ కామెంటరీ విని వస్తారు, తెలుగు మీడియం పిల్లలు పేపరు చదివి వస్తారు. రెండు రకాలుగానూ పలుకుతారు, రెండింటికీ మార్కు పడాలి.